గేదెల ఇంట్లో పుష్యమాసం

సంక్రాంతికి వారం ముందు నౌపడ స్టేషన్‌లో దిగాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే పేరుపొందిన ఉప్పు మడులు కంటికి ఆననేలేదు. శ్రీకాకుళం జిల్లాకు వెళ్ళింది తేలినీలాపురం పక్షుల కోసమే. బస టెక్కలి దగ్గరి పల్లెలో, మా మేనత్త ఇంట్లో.

తెల్లవారకముందే అత్త పొయ్యి వెలిగించింది. కాఫీకేమో అని ఆశపడ్డాను. పొయ్యి మీదికి ఎక్కింది ఉలవల కుండ! ఆ ఇంట్లో ముందు గేదెలు, తరువాతే చుట్టాలు.

పశువుల శాలకు ఉత్తరం వైపు తాటాకు దడి కట్టారు. పైన జానెడు ఖాళీ ఉంది. చలిగాలి రాదా అని అడిగితే, "రానీయరా. అంతా మూసేస్తే రాత్రి మూత్రం ఘాటుకు దూడలకు దగ్గు పట్టుకుంటుంది" అన్నాడు మావయ్య. చలికన్నా తడి అంటేనే ఆయనకు భయం. తడినేల మీద పడుకున్న దూడకు నెమ్ము చేస్తుందట. అందుకే రోజూ పాత గడ్డి లాగేసి పొడిగడ్డి పరుస్తాడు. చిన్నదానికి గోనెపట్టా కప్పి పురికొసతో కట్టాడు. అది కాసేపట్లోనే పట్టాను నములుతూ కనిపించింది.

మేకల్ని మాత్రం ఎండ ఎక్కేదాకా వదలరు. మంచుతో తడిసిన గడ్డి కొసల మీదికి పురుగుల పిల్లలు పాకి ఉంటాయి. ఆ గడ్డి మేస్తే అవి కడుపులోకి చేరతాయి. మేకలకు ఇవేమీ పట్టవు, దొడ్లోంచి ఒకటే అరుపులు.

వరికోత యంత్రాల మీద మావయ్యకు పెద్ద ఫిర్యాదే ఉంది. యంత్రం కోసిన గడ్డి నలిగి పొలమంతా చెదిరిపోతుంది, దాన్ని పోగుచేయడానికి మళ్ళీ కూలీలు కావాలి. అందుకని ఒక మడిని ఇంకా కొడవళ్ళతోనే కోయిస్తాడు. ఖర్చెక్కువే. కానీ ఆయన వేయించిన గడ్డివాము చూస్తే ఏ ఇంజినీరూ వంక పెట్టలేడు.

రాత్రిళ్ళు టార్చి పట్టుకుని శాలకు వెళ్తుంటాడు. గేదెలు ఎక్కువగా చలికాలంలోనే ఎదకు వస్తాయి, అదీ గుట్టుగా. ఒక్క అరుపు, వెనకనుంచి తీగలా సాగే కాస్త జిగురు, అంతే. గమనించకపోతే మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు ఆగాలి. ఎండలు ముదిరాయంటే ఆ జాడ కూడా దొరకదు. చూలు నిలిస్తే ఈనడానికి పది నెలలు పడుతుంది. ఈ లెక్కలన్నీ ఆయన గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు.

పక్షుల్ని చూశాను లెండి. తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కిక్కిరిసి ఉన్నాయి. చెట్ల కింద నేలంతా రెట్టతో తెల్లబడింది. బాగుంది. గంటలో తిరిగొచ్చేశాను. అత్త పిల్లల చేత భోగి పిడకల దండలు గుచ్చిస్తోంది, నాకూ ఒక పురికొస ఇచ్చింది.

నేను బయలుదేరే రోజు తెల్లవారుజామున పెద్ద గేదె అరిచింది. పొద్దున ఎదకు వస్తే సాయంత్రం చూలు కట్టే సూది వేయించాలి. నా రైలు కూడా సాయంత్రమే. స్టేషన్‌కు బండి మీద దింపుతానన్న మావయ్య, అదే బండి మీద ఆ సూది వేసే గోపాలమిత్రను తీసుకురావడానికి వెళ్ళిపోయాడు. "ఏమీ అనుకోకు నాయనా, రైళ్ళు రోజూ ఉంటాయి" అంటూ అత్త నన్ను ఆటో ఎక్కించింది.