మేక కవలల్లో రెండో పిల్ల బొడ్డుకు మళ్ళీ చీము పట్టింది

ఈ వర్షాకాలంలోనూ ఒక పిల్ల బొడ్డుకు చీము పట్టిందని రాయవలసి రావడం చాలా చిరాకుగా ఉంది. ఈ విడతలో పుట్టిన ఏడు ఉస్మానాబాదీ జాతి మేకపిల్లల్లో ఆరింటి బొడ్లు పది రోజుల్లోపే ఎండి రాలిపోయాయి. ఏడోది, నల్ల మేకకు పుట్టిన కవలల్లో రెండోది, పదకొండు రోజులుగా నాకు నిద్ర లేకుండా చేస్తోంది.

తొలి పిల్ల తెల్లవారుజామున 4:10కి పుట్టింది. దాని బరువు 2.3 కిలోలు, బొడ్డుతాడు దానంతటదే 4 సెంటీమీటర్ల దగ్గర తెగింది. 4:35కి పుట్టిన రెండో పిల్ల 1.9 కిలోలే తూగింది. దాని తాడు 14 సెంటీమీటర్ల పొడవున నేలకు తగిలేలా వేలాడుతుంటే కొత్త బ్లేడుతో 6 సెంటీమీటర్లకు కోశాను. ఒకే గిన్నెలోని టింక్చర్ అయోడిన్‌లో ఒక్కోదాన్ని పది సెకన్లు ముంచి, పన్నెండు గంటల తరువాత మరోసారి ముంచాను. రెండో రోజుకు తొలి పిల్ల బొడ్డు తుమ్మపుల్లలా నల్లబడి గట్టిపడింది. రెండోదానికి మాత్రం పొట్టను ఆనుకొని ఉన్న ఒక సెంటీమీటరు మేర మెత్తగా, తడిగానే ఉండిపోయింది.

మూడో రోజు బొడ్డు మొదట్లో కొలిస్తే తొలి పిల్లకు 4 మిల్లీమీటర్లు, దీనికి 9 మిల్లీమీటర్ల మందం ఉంది. నాలుగో రోజు జ్వరం 104.6 డిగ్రీలకు చేరింది. వాపు హెర్నియా అయితే నొక్కినప్పుడు లోపలికి జారి వేలికి కంత తగలాలి. ఇక్కడ గట్టిగా, వేడిగా ఉండి, ముట్టుకుంటే పిల్ల అరిచింది. బొడ్డు గుండా మూత్రం కారుతున్న జాడ కూడా లేదు. ఐదో రోజు దుర్వాసనతో చీము చుక్క కనిపించగానే పశువైద్యుడిని పిలిపించి ఐదు రోజుల యాంటీబయాటిక్ సూదులు మొదలుపెట్టించాను. అయినా ఏడో రోజుకు ఎడమ ముందుకాలి మోకాలి చుట్టుకొలత కుడిదానికంటే 8 మిల్లీమీటర్లు పెరిగింది. బొడ్డు సిర నేరుగా కాలేయానికి దారి తీస్తుంది కనుక, అక్కడ చొరబడిన క్రిములు రక్తంలో కలిసి కీళ్ళకు చేరడానికి ఎంతో కాలం పట్టదు. ఈ రోజు జ్వరం 102.8కి దిగింది, పాలు తాగుతోంది కానీ కుంటు పోలేదు.

పాత నోటుపుస్తకం తిరగేస్తే అసలు సంగతి కనిపించింది. గత రెండు వర్షాకాలాల్లో చీము పట్టినవి కూడా కవలల్లో రెండో పిల్లలే. నా మొదటి అనుమానం గిన్నె మీద ఉంది. తొలి పిల్ల బొడ్డు నుంచి రక్తం, జిగురు కలిసిన టింక్చర్‌లో అయోడిన్ బలం అప్పటికే తగ్గి ఉంటుంది. రెండో అనుమానం ముర్రుపాల మీద. తొలి పిల్ల అరగంటలో పొదుగు పట్టింది, ఇది 2 గంటల 20 నిమిషాల తరువాత గానీ తాగలేదు. బ్లేడు పాత్ర కూడా ఉండవచ్చు. సాగి తెగిన తాడులో రక్తనాళాలు ముడుచుకుంటాయి, నున్నగా కోసినప్పుడు అంతగా ముడుచుకోవు. అయితే గత రెండుసార్లూ బ్లేడు వాడలేదు కనుక దీనికి నేను తక్కువ మార్కులే వేస్తున్నాను.

కొందరు మిత్రులు బీటాడిన్ (నీటితో చేసిన అయోడిన్ మందు) చాలంటారు. గాయాలకు నేనూ అదే వాడతాను. బొడ్డుకు మాత్రం స్పిరిట్‌తో చేసిన టింక్చరే నాకు నచ్చుతుంది, ఎందుకంటే క్రిములను చంపడంతో పాటు తాడును ఎండబెట్టడమూ మనకు కావాలి. స్ప్రేలు తాడు వెనుక వైపుకు సరిగా అందవు. పిడకల బూడిద అద్దమనే మా పెద్దమ్మ సలహాను ధనుర్వాతం భయంతో గౌరవంగానే పక్కన పెట్టాను.

ఆశ్వయుజంలో ఈనవలసిన చూడి మేక పొట్ట చూస్తే మళ్ళీ కవలలే అనిపిస్తోంది. ఈసారి 30 మిల్లీలీటర్ల మందు కప్పులు పిల్లకొకటి చొప్పున సిద్ధం చేసి, వాడిన టింక్చర్‌ను సీసాలోకి తిరిగి పోయకుండా పారబోస్తాను. రెండో పిల్లకు తల్లి ముర్రుపాలు పిండి, కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున గంటలోపే సీసాతో పట్టిస్తాను. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తేలదని తెలుసు, కానీ ప్రయోగం కోసం ఒక పిల్లను పణంగా పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఈనే మూలన నేల ఎండడానికి వేరుశనగ పొట్టు రెండు బస్తాలు చెప్పి ఉంచాను.