ముక్కుసూటి మాట తపస్సవుతుందా?

అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్ |
స్వాధ్యాయాభ్యసనం చైవ వాఙ్మయం తప ఉచ్యతే ||

భగవద్గీత 17వ అధ్యాయంలో 15వ శ్లోకం ఇది. ఎదుటివాళ్ల మనసు కలత పెట్టకూడదు, నిజమై ఉండాలి, వినడానికి ఇంపుగా ఉండాలి, మేలు చేయాలి. అలా మాట్లాడుతూ స్వాధ్యాయం, అంటే శాస్త్రాలు చదువుకోవడం, చేయడమే వాక్కుతో చేసే తపస్సని కృష్ణుడు చెప్పాడు.

మనం చాలామంది ఇందులో సత్యం ఒక్కటే పట్టుకుంటాం. "నాది ముక్కుసూటి స్వభావం, ఉన్నది ఉన్నట్టు అనేస్తాను" అని గొప్పగా చెప్పుకుంటాం. శంకరాచార్యులు తన భాష్యంలో ఈ దారి మూసేశారు. నాలుగు లక్షణాల్లో ఏ ఒక్కటి తగ్గినా, మాట ఎంత నిజమైనా, అది వాఙ్మయ తపస్సు కాదన్నారు. ఉదాహరణ కూడా ఇచ్చారు: "నాయనా, శాంతంగా ఉండు. స్వాధ్యాయం, యోగం ఆచరించు. నీకు మేలు కలుగుతుంది." ఎంత మామూలు మాటో చూడండి! అందులో మందలింపు ఉంది, కానీ ఎత్తిపొడుపు లేదు.

పనిచేసే చోట ఈ శ్లోకానికి రోజూ పరీక్షే. ఒక రిపోర్టులో కిందివాడు అంకె తప్పు వేశాడు. మీటింగులో పదిమంది ముందు "ఇంతమాత్రం చూసుకోవా?" అంటే అది నిజమే. మీటింగయ్యాక అతని పక్కన కూర్చుని, తప్పు పడిన గడి చూపించి, "ఇది ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి చూద్దాం" అన్నా అదే నిజం. మొదటిది విన్నవాడు ఆ రోజంతా టెన్షన్‌తో ఇంకో రెండు తప్పులు చేస్తాడు. రెండోది విన్నవాడు అంకె దిద్దుకుంటాడు. నాలుక చివరికొచ్చిన మొదటి మాటను మింగి, రెండోదాని కోసం గంటసేపు ఆగడానికి ఎంత నిగ్రహం కావాలో చేసినవాళ్లకే తెలుసు. అందుకే దీన్ని మర్యాద అనకుండా తపస్సు అన్నాడేమో అనిపిస్తుంది నాకు.

మేలు చేయని సత్యం ఎంతదూరం పోతుందో మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడే చెబుతాడు. కర్ణుడి చేతిలో దెబ్బతిన్న ధర్మరాజు, బాధలో అర్జునుణ్ణి నిందించి, గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమంటాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది. కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే పలుకుతానని వ్రతం పట్టిన తపస్వి అతను. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కుంటే, దొంగలు వచ్చి అడిగినప్పుడు చోటు చూపించేశాడు. వాళ్లందరూ చచ్చారు. కౌశికుడు నరకానికి పోయాడు.

అలాగని నోరు మూసుకుంటే సరిపోతుందా? గీత మౌనాన్ని 16వ శ్లోకంలో, మానసిక తపస్సులో చేర్చింది. నోటి తపస్సులో చేర్చలేదు. లోపల కోపం ఉడుకుతుంటే పెదవులు బిగించడం మౌనం కాదని నేను అర్థం చేసుకున్నాను. చెప్పాల్సిన చోట చెప్పి తీరాలి. ఇంట్లో పెద్దవాళ్లు మందులు మానేస్తే, వాళ్లు నొచ్చుకుంటారని ఊరుకోవడం ప్రేమ అనిపించుకోదు.

ఇంకో రెండు మూడు శ్లోకాలు ముందుకెళ్తే ఇంకా గట్టి మాట ఉంది. మెప్పు కోసం, గౌరవం కోసం, ఆడంబరంగా చేసే తపస్సు రాజసం, అంటే రజోగుణంతో కూడినది. ఇతరులను పాడుచేయడానికి చేసేది తామసం. దీన్ని మన మాటలకు పెట్టి చూసుకుంటే గుండె జారుతుంది. నలుగురూ "భలే ధైర్యంగా అడిగాడు" అనాలని పలికిన నిజాలు ఎన్ని! ఒకరి పరువు తీయాలని సమయం చూసి బయటపెట్టిన నిజాలు ఎన్ని!

మాటల శ్లోకంలో స్వాధ్యాయం ఎందుకొచ్చిందని చాలాకాలం ఆలోచించాను. తెల్లవారగానే ఫోన్‌లో నాలుగు గొడవలు చదివినవాడి నోట మధ్యాహ్నానికి ఆ గొడవల భాషే వస్తుంది. అదే పొద్దున్నే ఒక్క శ్లోకం పైకి చదివి, అర్థం ఆలోచించి పనిలోకి దిగినవాడికి, కోపం వచ్చిన క్షణంలో వాడుకోవడానికి ఇంకో మాట దొరుకుతుంది.