పది రోజుల సెలవు, దాని వెనక నెల రోజుల రభస

నిన్న సాయంత్రం నా మెడికల్ లీవ్ మంజూరైందని మెయిల్ వచ్చింది. సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరి పద్దెనిమిది రోజులైంది. ఇన్నాళ్ళూ ఆ పది రోజులూ జీతం లేని రోజుల కిందే ఉన్నాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నాది అనంతపురంలో ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో బండి లోన్ల వసూలు పని. కళ్యాణదుర్గం వైపు లైను. శెనక్కాయ ఎండిపోయిన ఏడాది ఏ పార్టీ ఇంటి ముందు (లోన్ తీసుకున్నవాళ్ళను మేం పార్టీలంటాం) బండి ఆపినా "ఇంగో నెల ఆగప్పా" అంటారు. ఆ మాటే ఆఫీసులో చెబితే మన మీద అరుస్తారు. రాత్రి పదకొండుకు గ్రూపులో "ఈరోజు జీరో ఎవరెవరు?" అని మెసేజ్. ఫోన్ మోగితే చాలు గుండె దడ, చేతుల వణుకు. గుండెజబ్బేమోనని ఈసీజీ తీయిస్తే బాగానే ఉందన్నారు.

ఒక రాత్రి రెండింటికి 14416కు ఫోన్ చేశా. మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్లోనే సాయం చేసే టెలీ మానస్ నంబరది, 2022లో కేంద్రం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. డాక్టరుకు చూపించుకోమన్నారు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ, డాక్టరు, మాత్రలు అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు కథ సర్టిఫికెట్‌తో మొదలైంది. "అనారోగ్యం వల్ల పది రోజులు విశ్రాంతి అవసరం" అని డాక్టరమ్మ రాసిచ్చారు. మా మేనేజరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం రోగమో లేదే? పేరు రాయించుకొని రాపో" అన్నాడు. మళ్ళీ వెళ్ళా. "వాళ్ళకెందుకయ్యా ఆ పేరు?" అంటూనే ఆమె రాశారు. మరుసటి రోజు పొద్దున మీటింగులో ఆయన ఆ కాగితం పైకెత్తి, అందరి ముందూ "యాం-గ్జై-టీ" (ఆందోళన జబ్బు) అని కూడబలుక్కుంటూ చదివాడు. "మనోడు పిచ్చి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చినాడప్పా. పార్టీల ఇండ్లకు పంపొచ్చంటారా?" అందరూ నవ్వారు. రోజూ నాతో టీ తాగేవాడు కూడా. నేను చెప్పులకేసి చూస్తూ నిలబడ్డా. ఆ రోజు నుంచి క్యాషియరు నేను కట్టిన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్క రసీదు తప్పు రాయనివాణ్ణి నేను!

2017 మానసిక ఆరోగ్య చట్టం చదివాను. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని అందులో ఉంది. అయితే ఆ బాధ్యత చికిత్స చేసేవాళ్ళ మీద పెట్టారు. మీటింగులో చదివి నవ్వించే మేనేజర్ల సంగతి అక్కడ నాకు కనబడలేదు.

ఈ మధ్యలోనే హెడ్డాఫీసు వాళ్ళు ఆదివారం పొద్దున ఎనిమిదికి స్ట్రెస్ తగ్గించే క్లాసు పెట్టారు, హాజరు తప్పనిసరి. గాలి మెల్లగా లోపలికి పీల్చమన్నారు. పీలుస్తుండగానే గ్రూపులో మేనేజరు మెసేజ్: "ఆదివారం పార్టీలు ఇండ్లలోనే ఉంటారు, క్లాసు కాగానే బయల్దేరండి."

హెడ్డాఫీసు హెచ్ఆర్‌కు మూడు మెయిళ్ళు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. రసీదుతో స్పీడ్ పోస్టు పంపితే వారంలో ఫోనొచ్చింది. మీరైతే మొదటే పోస్టు పంపండి, ప్రతి కాగితానికీ జిరాక్స్ ఉంచుకోండి, టీ కొట్టు స్నేహాలను మాత్రం నమ్మొద్దు. ఫోన్ చేసిన మేడం ఒక్కటే అడిగారు: "ఏం చేస్తే మీకు పని తేలికవుతుంది?" పన్నెండేళ్ళలో ఎవరూ అడగని మాట. సాయంత్రం ఏడు దాటాక ఫోన్లు వద్దన్నా. రేపటి లిస్టు ఈరోజే ఇవ్వమన్నా. డాక్టరు కాగితాలు సీలు కవర్లో నేరుగా హెచ్ఆర్‌కే పోవాలన్నా. మూడూ ఒప్పుకున్నారు. కంపెనీకి రూపాయి ఖర్చు కాలేదు.

ఇప్పుడు ఏడు దాటితే గ్రూపు నిశ్శబ్దం. మాత్రలు ఇంకా వేసుకుంటున్నా గానీ నిద్ర పడుతోంది. మేనేజరు నా మొహం చూడకుండా లిస్టు చేతిలో పెడతాడు. మీటింగులో చదివిన ఆ సర్టిఫికెట్ తిరిగివ్వమని రెండుసార్లు అడిగా. "ఏడనో ఉంది, చూస్తాలే" అంటున్నాడు.