పడిశం వేరు, ఫ్లూ జ్వరం వేరు

మధ్యాహ్నం దాకా బడిలో బాగానే పాఠం చెప్పాను. గంట కొట్టే వేళకి ఒళ్ళంతా కొట్టి పడేసినట్టయింది. బైరాగిపట్టెడలో ఇల్లు చేరేసరికి ఒకటే వణుకు. థర్మామీటరు పెడితే 103. ముక్కు కారలేదు, తుమ్ములు లేవు. పొడి దగ్గు, తలనొప్పి, నడుము నుంచి పిక్కల దాకా నొప్పులు. పడిశం ఇలా రాదు. గొంతులో గరగరగా మొదలై, ముక్కులోకి దిగి, మన పనులు మనం చేసుకుంటుండగానే పోతుంది. ఫ్లూ అయితే ఏ పూట పట్టుకుందో గుర్తుంటుంది.

వానల కాలం కాబట్టి ఇంట్లో అందరికీ ముందు డెంగీ భయం పట్టుకుంది. అది అనవసరపు భయమేమీ కాదు. ఈ నెలల్లో మా తిరుపతిలో రెండు జ్వరాలూ తిరుగుతుంటాయి, మొదటి రోజు రెండూ ఒకేలా ఉంటాయి. డెంగీలో దగ్గు, గొంతు నొప్పి సాధారణంగా అంతగా ఉండవు. కళ్ళ వెనక నొప్పి, తర్వాత ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు రావచ్చు. ఏదో తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర ముట్టకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. మందుల షాపులో ఒళ్ళు నొప్పులకని అడిగితే అవే చేతికి రావచ్చు. అందుకే మా ఆయన పేరు చెప్పి మరీ పారాసెటమాల్ ఒక్కటే తెచ్చారు. పరీక్షలో డెంగీ కాదని తేలింది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని చెప్పి, డాక్టరు అది రాయలేదు. సూది కూడా వేయలేదు. అలాంటి డాక్టరు దొరకడం అదృష్టమే అనుకుంటాను.

నేను వేరే గదిలో, మాస్కుతో ఉన్నా మూడేళ్ళ చిన్నోడికి అంటుకుంది. జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే మన నుంచి ఇంకొకరికి సోకుతుంది కదా. వాడికి పారాసెటమాల్ బరువును బట్టి డాక్టరు చెప్పిన కొలతలోనే పోశాం. ఆస్పిరిన్ పిల్లలకి అసలు ఇవ్వకూడదు. దగ్గు సిరప్ పోయలేదు. రాత్రి దగ్గుకి చెంచాడు తేనె ఇచ్చాం (ఏడాది లోపు పిల్లలకైతే తేనె కూడా వద్దు). వాడు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టేదాన్ని. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి ఊపిరి నిమిషానికి 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా రాత్రి అని చూడకుండా ఆస్పత్రికి పోవాలి. ఇది ప్రతి తల్లికీ తెలియాలి. థర్మామీటరు చెప్పనిది ఆ లెక్క చెబుతుంది.

అందరికంటే నన్ను భయపెట్టింది మా అత్త. షుగరు మనిషి, డెబ్బై దగ్గర పడుతోంది. ఆమెకి జ్వరం రాలేదు. రోజూ ఇష్టంగా తినే సంగటి ముద్ద పక్కకి జరిపేసింది, పగలంతా మగతగా పడుకుంది. మిట్టమధ్యాహ్నం లేచి, పాలబ్బాయి వచ్చినాడా అని అడిగింది. ఆ మాటతో నాకు గుండె ఝల్లుమంది. వయసు మళ్ళిన వాళ్ళకి ఫ్లూ వచ్చినా జ్వరం పెద్దగా కనపడకపోవచ్చు. తికమక, తిండి మానేయడం, లేచి నిలబడలేకపోవడం, ఇవే గుర్తులు.

"ఒకసారి చూపించుకొని వచ్చేద్దాం అత్తా."

"ఒళ్ళు చల్లంగానే ఉండాది గదమ్మా. జొరం లేనిదానికి ఆస్పత్రేంటికి?"

కోవిడ్ నాటి ఆక్సీమీటరు వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ 93 శాతమే. ఇక ఆమె మాట వినలేదు, ఆటో పిలిచాం. ముక్కులోంచి నమూనా తీసి పరీక్ష చేస్తే ఫ్లూ అని తేలింది. షుగరు బాగా పెరిగి ఉంది. చేర్చుకుని ఆక్సిజన్ పెట్టారు, ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ మొదలుపెట్టారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే ఆ మందు బాగా పనిచేస్తుంది. వృద్ధులకీ, గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, ఉబ్బసం, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ ఆ గడువు చాలా విలువైనది. వాళ్ళ విషయంలో "రేపు చూద్దాంలే" అనకండి.

జ్వరం కొన్ని రోజుల్లో పోయింది గానీ దగ్గూ, నీరసమూ నన్ను వారాల తరబడి వదల్లేదు. గంజి, మిరియాల చారు, గోరువెచ్చని నీళ్ళు గొంతుకి హాయినిచ్చాయి, ఒళ్ళు ఎండిపోకుండా కాపాడాయి. ఫ్లూని తగ్గించేవి అవి కావు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పారు. తగ్గిందనుకున్న జ్వరం మళ్ళీ తిరగబెడితే, దగ్గు ఎక్కువైతే న్యుమోనియా అయి ఉండొచ్చు, వెంటనే రావాలని.

కాస్త తేరుకోగానే మా అత్త అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకోవాలంది. 3,550 మెట్లు ఇప్పుడే వద్దని డాక్టరుతోనే చెప్పించాం. ఫ్లూ టీకా సంగతి కూడా అప్పుడే అడిగాం. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటేటా వేయించుకోవాలట, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుందట. వచ్చే ఏడు వానలకి ముందే ఇంటిల్లిపాదికీ వేయిస్తున్నాం.