టికెట్ ముందు, ఊరు తర్వాత: స్ట్రాస్‌బర్గ్‌లో ఒక వీకెండ్

చదువుకోవడానికి యూరప్ వచ్చిన కొత్తలో అందరి లిస్టూ ఒకటే. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వీలైతే రోమ్. తర్వాత బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు కట్టి ఉంచే ఖాతా) నుంచి నెలనెలా వచ్చే డబ్బుల్లో అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా మిగిలింది చూసుకున్నాక ఆ లిస్టు వచ్చే సెమిస్టర్‌కి, ఆ పై సెమిస్టర్‌కి జరుగుతూ పోతుంది. నాది వేరే పద్ధతి. చేతిలో ఉన్న టికెట్ ఎక్కడిదాకా పనిచేస్తుందో ముందు చూసుకోవడం, ఆ చివర ఏ ఊరుంటే ఆ ఊరికి పోవడం.

నేనుండేది జర్మనీలో, కార్ల్స్‌రూలో. డాయిష్‌లాండ్ టికెట్ ఉంటే దేశం మొత్తం రీజనల్ రైళ్లు ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి స్పీడు రైళ్లు తప్ప. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ 2026 జనవరికల్లా 63 అయింది. పెరిగినప్పుడల్లా తిట్టుకుంటాం, మళ్లీ అదే తీసుకుంటాం. దాంతో ఆఫెన్‌బుర్గ్ వెళ్లి, అక్కడ రైలు మారితే కేల్ వస్తుంది. కేల్ అవతల రైన్ నది, నది దాటితే ఫ్రాన్స్, అదే స్ట్రాస్‌బర్గ్. కేల్ స్టేషన్ ముందే డి లైన్ ట్రామ్ ఆగి ఉంటుంది. 2017 నుంచి ఈ ట్రామ్ వంతెన మీదుగా దేశం దాటుతోంది. అంటే నా జేబులోంచి కొత్తగా ఖర్చయ్యేది ఒక్క ట్రామ్ టికెట్. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే 24 గంటల ట్రియో టికెట్ తీసుకోండి, చవకగా పడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, టికెట్ కొంటే సరిపోదు, ట్రామ్ ఎక్కకముందే స్టాప్‌లో ఉన్న మెషీన్ దగ్గర వాలిడేట్ చేయాలి.

శనివారం ఆ ట్రామ్ చూడాల్సిందే. ఫ్రాన్స్ నుంచి కేల్‌కి వచ్చేవాళ్లంతా సిగరెట్ల కోసం, డీఎం అనే జర్మన్ స్టోర్‌లో షాంపూలు, డైపర్ల కోసం వస్తారు, ఈ వైపు చవక కాబట్టి. ఇటు నుంచి వెళ్లే జర్మన్లేమో బ్రెడ్డు కోసం, చీజ్ కోసం. నా పక్కన నిల్చున్నావిడ చేతిలో టాయిలెట్ పేపర్ కట్టలు ఎన్నున్నాయంటే ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా అవి వచ్చి నా మోకాలికి తగిలేవి. నది మధ్యలో ఫోన్‌కి 'వెల్కమ్ టు ఫ్రాన్స్' మెసేజ్ వచ్చింది, ఎవరూ తలెత్తి చూడలేదు. నేను, నా రూమ్మేట్ మాత్రం కిటికీకి అతుక్కుపోయాం.

ముందు కేథడ్రల్ సంగతి. ఫోటోల్లో ఎంత చూసినా లాభం లేదు, ఇరుకు వీధిలోంచి మలుపు తిరగ్గానే ఒక్కసారిగా మీద పడుతుంది. గులాబీ రంగు ఇసుకరాయి, ఎండ మారే కొద్దీ రంగు మారుతుంటుంది. ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 వరకు ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన కట్టడం లేదు. రెండు శిఖరాలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది, రెండోది కట్టనే లేదు. "ఫండ్స్ అయిపోయుంటాయి రా, మన ప్రాజెక్టులాగే" అన్నాడు మా వాడు. లోపలికి వెళ్లడానికి డబ్బులు కట్టక్కర్లేదు. పైకి ఎక్కాలంటే టికెట్, 332 మెట్లు. ఎక్కితే ఒక వైపు వోజ్ కొండలు, ఇంకో వైపు జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ కనిపిస్తాయి. అంత పైకి ఎక్కాక గానీ ఈ ఊరు అటు ఫ్రాన్స్‌కీ ఇటు జర్మనీకీ ఎందుకంత కావలసి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

లోపల ఖగోళ గడియారం ఉంది. దాని అసలు ఆట మధ్యాహ్నం 12:30కి, 12కి కాదు. ఎందుకంటే ఆ గడియారం నడిచేది స్ట్రాస్‌బర్గ్ సొంత సూర్యుడి టైమ్ మీద, రైళ్ల టైమ్ మీద కాదు. దాని లెక్కలో అప్పుడే మధ్యాహ్నం. పన్నెండుగురు అపొస్తలులు వరసగా క్రీస్తు ముందు నుంచి వెళ్తారు, పైన కోడిపుంజు రెక్కలు విదిలించి మూడుసార్లు కూస్తుంది. బొమ్మలు కొంచెం కిర్రుకిర్రుమంటూ కదులుతాయి, అదే బాగుంది. ఇంజనీరింగ్ వాళ్లు చూడాల్సింది బొమ్మల్ని కాదు, ఏటా ఈస్టర్ ఏ తేదీన వస్తుందో లెక్కగట్టే పళ్లచక్రాలని. 19వ శతాబ్దంలో ష్విల్గే అనే ఆయన, కంప్యూటర్ అన్న మాటే లేని రోజుల్లో, లీపు సంవత్సరాల మినహాయింపులతో సహా ఇత్తడిలో చేసి పెట్టాడు. మా వాడు కోడింగ్ అసైన్‌మెంట్‌లో తేదీల ఫంక్షన్‌తో వారం రోజులు కుస్తీ పట్టినవాడు, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెటిట్ ఫ్రాన్స్ అనే పాత పేట అందంగానే ఉంటుంది, కాలవలు, కర్ర దూలాల ఇళ్లు, కాకపోతే సెల్ఫీ స్టిక్కులు తప్పించుకుంటూ నడవాలి. గంట చాలు. నా మాట వింటే మిగిలిన టైమ్‌ని రిపబ్లిక్ స్క్వేర్‌కి ఇవ్వండి. అక్కడ 1936లో పెట్టిన యుద్ధ స్మారకం ఉంది. ఒక తల్లి, ఒళ్లో చనిపోతున్న ఇద్దరు కొడుకులు. ఇద్దరి ఒంటి మీదా యూనిఫాం లేదు. ఒకడు ఫ్రాన్స్ తరఫున, ఒకడు జర్మనీ తరఫున పోరాడారు, చివరికి ఇద్దరి చేతులూ కలిశాయి. కింద 'మన మృతులకు' అని మాత్రమే ఉంటుంది. ఏ దేశం కోసమో రాయలేదు, రాయలేరు కూడా. 1871లో ఈ ఊరు జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్స్‌కి వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీకి, 1944 నవంబర్‌లో మళ్లీ ఫ్రాన్స్‌కి. 1870లో పుట్టి 75 ఏళ్లు బతికిన మనిషి ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారాడన్నమాట. వీసా రెన్యువల్ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే లేచి వెబ్‌సైట్ రిఫ్రెష్ చేసే మాలాంటి వాళ్లకి ఇది వేరేగా తగులుతుంది.

ఆ జర్మన్ రోజుల గుర్తులు ఇంకా పోలేదు. ఆదివారం షాపులు చాలావరకు మూసే ఉంటాయి, ఇక్కడి స్థానిక చట్టం అప్పటిదే. మిగతా ఫ్రాన్స్‌లో రైళ్లు ఎడమ పట్టాల మీద నడిస్తే ఇక్కడ కుడి పక్కన నడుస్తాయి. చాలా వీధుల పేర్లు ఫ్రెంచ్‌లో ఒకటి, కింద ఇక్కడి స్థానిక భాష అల్సేషన్‌లో ఒకటి.

తిండి విషయానికొస్తే టార్ట్ ఫ్లాంబే తినండి. అప్పడంలా పల్చటి పిండి మీద క్రీము, ఉల్లిపాయలు, పంది మాంసం ముక్కలు. మా వాడు వెజ్, వాడికి మాంసం లేకుండా చేసిచ్చారు. ఫ్రాన్స్‌లో నాకు నచ్చింది ఏంటంటే 'కరాఫ్ డో' అంటే కుళాయి నీళ్ల సీసా ఫ్రీగా తెచ్చి పెడతారు. జర్మనీలో రెస్టారెంట్‌కి వెళ్తే నీళ్లకి కూడా బిల్లు కట్టే మాకు అది చిన్న విషయం కాదు. రాత్రి ఉండాలంటే కేల్ వైపు రూమ్‌లు చూడండి, డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ టైమ్‌లో మాత్రం రెండు వైపులా రేట్లు మండిపోతుంటాయి.

తిరుగు ప్రయాణంలో కేల్ దగ్గర ట్రామ్‌లోకి జర్మన్ పోలీసులు ఎక్కారు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని భూ సరిహద్దుల్లోనూ చెకింగ్ పెట్టింది, షెంగెన్ (చెకింగ్ లేకుండా దేశాలు దాటే ఒప్పందం) కదా అని ధీమాగా ఉండకండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో పనికిరాదు. పర్మిట్ ఇంకా రాక ఫిక్షన్ సర్టిఫికెట్ అనే తాత్కాలిక పత్రం మీద ఉన్నవాళ్లు అందులో రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81లో ఏ క్లాజు టిక్ చేశారో చూసుకున్నాకే బయల్దేరండి, 3వ క్లాజు అయితే దాంతో దేశం దాటి తిరిగి రానివ్వరు. మా కార్డులు చూసి పోలీసాయన ఏమీ అడగలేదు, 'షోనెస్ వోఖెన్‌ఎండె' (హ్యాపీ వీకెండ్) అని వెళ్లిపోయాడు.

ఇదే డాయిష్‌లాండ్ టికెట్ స్విట్జర్లాండ్‌లో ఉన్న బాసెల్ బాడిషర్ బాన్‌హోఫ్ దాకా, ఆస్ట్రియాలో సాల్జ్‌బుర్గ్ మెయిన్ స్టేషన్ దాకా కూడా చెల్లుతుంది. పరీక్షలయ్యాక బాసెల్. అక్కడి రేట్లు స్విస్ ఫ్రాంకుల్లో కాబట్టి పులిహోర కట్టుకుని పోవాలని ఇప్పటికే తీర్మానం అయిపోయింది, చింతపండు బాధ్యత మా వాడిది.