కాలిఫోర్నియాలో సి-55 లైసెన్సు: ముందు అనుభవ పత్రం చూసుకోండి

వాటర్ ప్లాంట్లలో ఏళ్ల తరబడి పనిచేసి కాలిఫోర్నియా చేరినవాళ్లు లైసెన్సు అనగానే పరీక్షకు భయపడతారు. అంతకంటే ముందే అనుభవ పత్రం అడ్డం పడుతుంది.

ఇళ్లలో సాఫ్ట్‌నర్లు (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రాలు), ఫిల్టర్లు బిగించే కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సు బోర్డు ఇచ్చేది సి-55. గత పదేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎవరి అజమాయిషీ లేకుండా సొంతంగా పని చేయగలిగే స్థాయిలో, లేదా సూపర్‌వైజరుగా చేసి ఉండాలి. హెల్పరుగా గడిపిన కాలం లెక్కలోకి రాదు. చదువుకు గరిష్ఠంగా మూడేళ్ల మినహాయింపు దొరకవచ్చు, కానీ ఒక్క ఏడాదైనా చేత్తో చేసిన పని ఉండాల్సిందే.

మీ పని కళ్లారా చూసినవాళ్లు ఆ అనుభవాన్ని ధృవీకరిస్తూ సంతకం చేయాలి: యజమాని, తోటి పనివాడు, ఇంజినీరు ఎవరైనా సరే. "నీటి శుద్ధి పని చేశాడు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. రెజిన్ ట్యాంకు బిగించడం, బైపాస్ కలపడం, కంట్రోల్ వాల్వ్ సెట్ చేయడం, నీటి కాఠిన్యం పరీక్షించడం అంటూ విడివిడిగా, తేదీలతో రాయించుకోండి. బోర్డు కొన్ని దరఖాస్తులను ఎంచి లోతుగా విచారిస్తుంది; అప్పుడు జీతం రసీదులు, ఒప్పందాలు అడుగుతుంది. ఇండియాలో పాత యజమానితో మాటలు ఉన్నప్పుడే ఇవన్నీ తెప్పించుకోవడం మంచిది. కంపెనీ మూతపడ్డాక ఎవరిని పట్టుకుంటారు?

దరఖాస్తు అంగీకరించాక వేలిముద్రలు ఇవ్వాలి. పరీక్షలు రెండు: చట్టం-వ్యాపారం ఒకటి, సి-55 పని మీద ఇంకొకటి. పద్దెనిమిది నెలల్లో రెండూ గట్టెక్కాలి. ఆ తర్వాత 25,000 డాలర్ల బాండ్, అంటే మీ తప్పు వల్ల కస్టమరు నష్టపోతే చెల్లిస్తామనే పూచీ. ఆ మొత్తమంతా మీరు కట్టనక్కర్లేదు, బాండ్ కంపెనీకి ప్రీమియం కడితే చాలు. బాండ్ మీద పేరు దరఖాస్తులో పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, మరో దాంట్లో వెనక ఉంటాయి కాబట్టి ఇక్కడ మరీ జాగ్రత్త. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఐటీఐఎన్ అనే పన్ను గుర్తింపు నంబరుతోనూ దరఖాస్తు పెట్టవచ్చు. అయితే లైసెన్సు వచ్చినంత మాత్రాన పనిచేసే అనుమతి వచ్చినట్టు కాదు, అది వీసా సంగతి.

2025 నుంచి కూలీ, సామాను కలిపి 1,000 డాలర్ల లోపు పనికి లైసెన్సు అక్కర్లేదు. దానికీ షరతులున్నాయి: పర్మిట్ అవసరం కాకూడదు, పనివాళ్లను పెట్టుకోకూడదు. లైసెన్సు లేకుండా పెద్ద పని చేస్తే, ఎంత చక్కగా చేసినా డబ్బు కోసం కోర్టుకు వెళ్లే హక్కు ఉండదు. కట్టిన సొమ్మంతా కస్టమరు వెనక్కి రాబట్టుకోవచ్చు కూడా.

సి-55 హద్దు చిన్నది. యంత్రాన్ని నీటి లైనుకు కలపడానికి, శుద్ధి నీరు వెళ్లకూడని భాగాలను బైపాస్ చేయడానికి ఎంత పైపు కావాలో అంతే. ఇల్లంతా పైపులు మార్చాలంటే ప్లంబింగ్ లైసెన్సు సి-36 కావాలి, బోరు వేయాలంటే సి-57.

అడ్వాన్సు ఒప్పందం విలువలో పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. సాఫ్ట్‌నర్ డ్రెయిన్ పైపును మురుగు గొట్టంలోకి నేరుగా దూర్చకండి. పైపు చివరకూ మురుగు గొట్టం అంచుకూ మధ్య పైపు వ్యాసానికి రెట్టింపు, అంగుళానికి తగ్గకుండా గాలి ఖాళీ వదలాలి. లేకపోతే ప్రెషర్ పడిపోయినప్పుడు మురుగు తాగే నీటిలోకి ఎక్కవచ్చు. లాస్ ఏంజెలెస్ దగ్గరి శాంటా క్లారిటాలో అయితే, ఉప్పునీరు మురుగు కాలువలోకి వదిలే ఆటోమేటిక్ సాఫ్ట్‌నర్లను 2009 నుంచే నిషేధించారు. కొత్త ఊళ్లో పని ఒప్పుకునే ముందు అక్కడి మురుగునీటి శాఖకు ఫోన్ చేసి కనుక్కోండి.