నిద్ర పడుతుందని నీకెవరు చెప్పారు?

పోయిన నెల మా ల్యాబ్‌లో మాట పడ్డాను. ఈ దేశం వచ్చిన ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

నేను ఆంటారియోలో గంజాయి పువ్వును పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి ఇది చట్టానికి లోబడిన వ్యాపారమే. నా పని ఆ పువ్వు వాసనను కొలవడం. పువ్వును పొడి చేసి, తూచి, చిన్న గాజు సీసాలో వేసి మూత బిగించి వేడి చేస్తాం. పైకి లేచిన ఆవిరిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం లాక్కుని, అందులో ఉన్నవాటిని విడదీస్తుంది. కాసేపటికి స్క్రీన్ మీద ఒక్కో టెర్పీన్‌కు, అంటే వాసననిచ్చే ఒక్కో పదార్థానికి, ఒక్కో గీత శిఖరంలా లేస్తుంది. మిర్సీన్, పైనీన్, లిమోనీన్, లినలూల్, కేరియోఫిలీన్.

ఆ రోజు లంచ్‌లో మాతో పనిచేసే అమ్మాయి, వాళ్ళమ్మకి రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదని, షాపులో ఏ రకం కొనాలో చెప్పమని అడిగింది. "మిర్సీన్ చూసుకో, అర శాతం దాటితే బాగా నిద్ర పడుతుంది" అన్నాను. ఈ రంగంలో అందరూ అనే మాటే. మా సూపర్‌వైజర్ వెనకే ఉన్నారు. తర్వాత గదిలోకి పిలిచి, "నిద్ర పడుతుందని నీకెవరు చెప్పారు? మనుషుల మీద చేసిన పరీక్ష ఒక్కటి చూపించు" అన్నారు. గొంతు పెంచలేదు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక ఉక్రోషం పట్టలేకపోయాను. జలుబు చేస్తే మా అమ్మ ఏ పరీక్ష చూసి మిరియాల కషాయం కాచింది? మిరియాల్లో ఉండే కేరియోఫిలీనే ఈ పువ్వులోనూ ఉంది. 2008లో యూర్గ్ గెర్ట్ష్ అనే శాస్త్రవేత్త బృందం, ఈ కేరియోఫిలీన్ మన ఒంట్లోని సీబీ2 అనే గ్రాహకానికి అతుక్కుంటుందని, ఎలుకల్లో వాపు తగ్గించిందని చూపించింది. మత్తుకు కారణం సీబీ1 అనే మరో గ్రాహకం, దాని జోలికి ఇది పోదు. ధనియాల్లో లినలూల్, నారింజ తొక్కలో లిమోనీన్, మామిడికాయలో మిర్సీన్. అమ్మ వంటిల్లు సగం నా స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఇవన్నీ మా సూపర్‌వైజర్‌కి చెప్పి ఉండాల్సింది అనుకున్నాను.

చెప్పేముందు చదువుకుందామని రాత్రి కూర్చున్నాను. మిర్సీన్ నిద్ర సంగతి ఎలుకల దగ్గరే ఆగిపోయింది. అదీ పెద్ద మోతాదులో ఇచ్చి, నిద్రమందుతో కలిపి చూసినది. అర శాతం అనే లెక్కకు ఆధారం ఎంత వెతికినా కనబడలేదు. మనుషుల మీద చేసినది లిమోనీన్‌తో ఒకటి దొరికింది. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించారు. 20 మంది మీద చేశారు, ఎక్కువ లిమోనీన్ మోతాదు వాళ్ళలో 12 మందికే ఇచ్చారు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 30 మిల్లీగ్రాములతో పాటు 15 మిల్లీగ్రాముల లిమోనీన్ పీలిస్తే, టీహెచ్‌సీ తెచ్చే టెన్షన్, భయం తగ్గాయి. ప్రాణం లేచొచ్చింది. వెంటనే కాగితం తీసి లెక్క కట్టాను. టీహెచ్‌సీ 20 శాతం ఉన్న పువ్వులో 30 మిల్లీగ్రాములు రావాలంటే 150 మిల్లీగ్రాముల పువ్వు కావాలి. అందులో లిమోనీన్ అర శాతం ఉందనుకున్నా ఒక మిల్లీగ్రాము కూడా రాదు. ఆ 15 ఎక్కడ, ఇది ఎక్కడ? నేను రోజూ కొలిచే అంకెలే నాకు అడ్డం వచ్చాయి.

డబ్బా మీద ఆరోగ్యానికి మేలని రాయకూడదని ఇక్కడి నిబంధన. అది ఉత్త ఛాదస్తం అనుకునేవాణ్ణి. ఆ రాత్రి అలా అనిపించలేదు.

మరి అంత ధీమాగా ఎందుకు చెప్పాను? మాది నర్సీపట్నం పక్కన. కొండెక్కితే పాడేరు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. ఆ కొండల్లోనే శీలావతి గంజాయి కూడా. 2021లో ఆపరేషన్ పరివర్తన అని వేల ఎకరాల పంట నరికేశారు. మా చుట్టుపక్కల కుర్రాళ్ళు నాలుగు డబ్బులకు మూటలు మోసి జైళ్ళలో పడ్డారు. వాళ్ళలో ఒకడు నాతో పదో తరగతి చదివాడు. వాడు మోసిన పువ్వుకే నాకిక్కడ తెల్లకోటు, జీతం, దంతవైద్యానికి బీమా. అమ్మకు మాత్రం మొక్కల ల్యాబ్ అని చెప్పాను. ఇది మందు అని ఎవరైనా గట్టిగా తేల్చేస్తే అమ్మకు నిజం చెప్పేయవచ్చని నాలో ఒక ఆశ. ఆ ఆశే ఆ అమ్మాయి ముందు నాచేత మాట్లాడించింది. వాళ్ళమ్మ నిద్ర సంగతి నేను ఆలోచించనే లేదు.

మర్నాడు ఆ అమ్మాయితో, తెలియకుండా చెప్పాను, ముందు డాక్టరుకు చూపించమన్నాను. సరేనంది.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. మోకాళ్ళు లాగేస్తున్నాయంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, మా ల్యాబ్‌లో చూసేది గంజాయి అని చెప్పేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. వెనక కుక్కర్ ఈల వినబడుతోంది.

"నువ్వు గానీ తాగుతున్నావేట్రా?"

"లేదమ్మా. వాసన కొలుస్తానంతే."

"మరది మందేనేటి?"

"ఇంకా తేలలేదమ్మా" అన్నాను.